ఏప్రిల్‌లో కడితే 5 శాతం, ఎగ్గొడితే 90 శాతం: బల్దియా ఇంటి పన్ను సేవపై సమీక్ష

పన్ను కట్టడం వరకూ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ, వాడుకలో బల్దియా) ఇంటి పన్ను సేవకు మంచి మార్కులే వేయాలి. ఇంటి పన్ను గుర్తింపు నంబరు దగ్గరుంటే ఐదు నిమిషాల పని. పన్ను అంకె ఎలా వచ్చిందో తెలుసుకోవాలన్నా, తప్పు దిద్దించుకోవాలన్నా, కట్టిన డబ్బు ఎటు పోయిందో చూడాలన్నా అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. ఈ సమీక్ష 150 వార్డుల జీహెచ్‌ఎంసీకి, 2025-26 బడ్జెట్‌కు సంబంధించినది. 2025 చివర్లో నగరం చుట్టూ ఉన్న 27 పట్టణ స్థానిక సంస్థలను కలిపారు, వాటి లెక్కలు ఇందులో లేవు.

పన్ను సేవను బడ్జెట్ నుంచి విడదీసి చూస్తే సగమే అర్థమవుతుంది. జీహెచ్‌ఎంసీ బడ్జెట్ 2023-24లో రూ.6,224 కోట్లు, 2024-25లో రూ.7,937 కోట్లు, 2025-26లో రూ.8,440 కోట్లు. ఇవన్నీ అంచనాలు. ఆస్తి పన్ను వసూలు మాత్రం 2024-25లో తొలిసారి రూ.2,000 కోట్లు దాటింది. ఆ ఏడాది బడ్జెట్ అంకెతో పోలిస్తే నాలుగు రూపాయల్లో ఒకటి ఇళ్లు, దుకాణాల యజమానుల జేబులోంచి వచ్చిందన్నమాట. మిగతా మూడింట్లో కచ్చితంగా చేతికొచ్చే డబ్బు తక్కువ. భవన అనుమతుల రుసుములు రియల్ ఎస్టేట్ ఊపును బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. రిజిస్ట్రేషన్ల మీద వచ్చే సర్‌ఛార్జిని, వృత్తి పన్ను వాటాను రాష్ట్ర ప్రభుత్వం విడుదల చేయాలి. ఇక మిగిలేది అప్పు. అందుకే ప్రతి మార్చిలో బిల్ కలెక్టర్లు గడప గడపకూ తిరుగుతారు. కార్పొరేషన్ చేతిలో గట్టిగా ఉన్న ఆదాయం ఇదొక్కటే.

ముందు మీ పన్ను మీరే లెక్క కట్టుకోండి. డిమాండ్ నోటీసులో అంకె ఉంటుంది, లెక్క ఉండదు. ఈ సేవలో మాకు కనిపించిన మొదటి లోపం ఇదే.

ఇళ్లకు సూత్రం ఇలా ఉంటుంది. కట్టడపు విస్తీర్ణాన్ని మీ ప్రాంతానికి నిర్ణయించిన చదరపు అడుగు నెలసరి అద్దె విలువతో గుణిస్తే నెల అద్దె విలువ వస్తుంది. దాన్ని 12తో గుణిస్తే వార్షిక అద్దె విలువ. తరుగుదల కింద 10 శాతం తీసేసి, మిగిలినదాని మీద శ్లాబు ప్రకారం పన్ను వేసి, ఆ పన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు కలుపుతారు. నెల అద్దె విలువ రూ.50 దాకా ఉంటే పన్ను లేదు. రూ.51 నుంచి 100 వరకు 17 శాతం, 200 వరకు 19 శాతం, 300 వరకు 22 శాతం, అది దాటితే 30 శాతం. సాధారణ పన్ను, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, డ్రైనేజీ అన్నీ ఈ శాతంలోనే ఉంటాయి.

వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు, చదరపు అడుగుకు రూ.1.20 అనుకుందాం. నెలకు 1,200, ఏడాదికి 14,400. పదోవంతు తీసేస్తే 12,960. అందులో 30 శాతం 3,888. సెస్సు 311 కలిపితే మొత్తం రూ.4,199. నోటీసులో దీనికి దూరంగా ఉన్న అంకె కనిపిస్తే విస్తీర్ణం, రేటు, వినియోగం అనే మూడింట్లో ఏదో ఒకటి తప్పుగా నమోదై ఉంటుంది. దుకాణాలు, ఆఫీసులకు శ్లాబులు లేవు, నేరుగా 30 శాతమే. కాబట్టి లెక్క ఇంకా తేలిక: విస్తీర్ణం, నెలసరి రేటు, 3.5 గుణించుకోవడమే. ఆ మూడున్నర ఎక్కడిదంటే, 12ను 0.9తో, 0.30తో, 1.08తో గుణిస్తే వచ్చేది దాదాపు అంతే. నెలకు చదరపు అడుగుకు రూ.10 చొప్పున 300 అడుగుల దుకాణానికి రూ.10,500.

చిన్న ఇళ్లవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఏడాది పన్ను రూ.1,200 దాటని నివాస గృహానికి 2016 నుంచి రూ.101 కడితే చాలు. ముందు గదిలో చిన్న కిరాణా పెట్టి అది నివాసేతరంగా నమోదైతే ఈ మినహాయింపు పోతుంది. కొట్టు ఎత్తేశాక వినియోగం మార్పించుకోకపోతే వందతో పోయేది వేలల్లోకి వెళుతుంది. అద్దెకున్నవారు మారినప్పుడల్లా ఇంటి యజమాని చూసుకోవాల్సిన మొదటి అంశం ఇది.

ఇక రేట్ల సంగతి. నివాస గృహాల అద్దె విలువలు 2002 తర్వాత, వాణిజ్య భవనాలవి 2007 తర్వాత సవరించలేదు. రెండు దశాబ్దాల కింద చదరపు అడుగుకు అర్ధరూపాయి, ముప్పావు రూపాయి అనుకున్న చోట ఇప్పుడు నిజమైన అద్దె పాతిక, ముప్పై రూపాయలు నడుస్తోంది. వినడానికి ఇది అందరికీ లాభమే అనిపిస్తుంది. బడ్జెట్ మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది. ఆ తేడాను రుసుములతో, అప్పులతో పూడ్చాల్సి వస్తోంది. కొత్తగా అసెస్‌మెంట్ అయ్యే ఇంటికీ, దశాబ్దాల నాటి పక్కింటికీ పన్నులో పొంతన లేకపోవడానికి కూడా ఈ పాత రేట్లే మూలం.

కట్టే పద్ధతికి వస్తే, ముందు మీ పీటీఐఎన్ (ఆస్తి పన్ను గుర్తింపు సంఖ్య) తెలియాలి. ఇది పది అంకెల నంబరు. పాత రసీదుల్లో 14 అంకెలది కనిపించవచ్చు. నంబరు తెలియకపోతే జీహెచ్‌ఎంసీ వెబ్‌సైట్‌లో సర్కిల్, యజమాని పేరు, ఇంటి నంబరుతో వెతుక్కోవచ్చు. పేరుతో వెతికేటప్పుడు పూర్తి పేరు కొట్టకండి. ఇంటిపేరు పొడి అక్షరాలతో నమోదై ఉండవచ్చు, లేదా పేర్లోని అక్షరాలు వేరేగా ఉండవచ్చు. మొదటి మూడు నాలుగు అక్షరాలతో వెతికి, వచ్చిన జాబితాలో ఇంటి నంబరును సరిచూసుకోవడం మేలు. నంబరు దొరికాక బకాయి, వడ్డీ, ఈ ఏడాది పన్ను విడివిడిగా కనిపిస్తాయి. చెల్లించే ముందు పేరు, ఇంటి నంబరు, ప్రాంతం మూడూ చదవండి. ఒక్క అంకె తేడాతో పక్కవారి పన్ను కట్టేస్తే, దాన్ని మీ ఖాతాకు మార్పించుకోవడానికి సర్కిల్ ఆఫీసుకు దరఖాస్తు పట్టుకుని వెళ్లాల్సిందే.

వెబ్‌సైట్ కాకుండా మై జీహెచ్‌ఎంసీ యాప్, మీ సేవ కేంద్రాలు, సర్కిల్ ఆఫీసుల్లోని పౌర సేవా కేంద్రాలు, బిల్ కలెక్టర్ల చేతి యంత్రాలు ఉన్నాయి. బిల్ కలెక్టర్‌కు ఇచ్చినప్పుడు యంత్రం నుంచి వచ్చిన రసీదే రసీదు. కాగితం మీద రాసిచ్చినదానికి విలువ లేదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి ఇంటికి కట్టేవారికి వెబ్‌సైటే మేలు. ఖాతాలో ఉన్న ఫోన్ నంబరు పాత కిరాయిదారుదో బిల్డరుదో అయితే సందేశాలన్నీ వాళ్లకే పోతాయి, కాబట్టి అది ముందు మార్పించుకోండి.

ఆన్‌లైన్‌లో తరచూ వచ్చే ఇబ్బంది ఒకటుంది. బ్యాంకులో డబ్బు పోతుంది, రసీదు రాదు. బ్యాంకు నుంచి పేమెంట్ గేట్‌వేకు చేరిన సమాచారం కార్పొరేషన్ సర్వర్‌కు తిరిగి చేరకపోవడం దీనికి కారణం. వెంటనే రెండోసారి కట్టకండి. లావాదేవీ నంబరు రాసి పెట్టుకుని, ఒకటి రెండు రోజుల తర్వాత పీటీఐఎన్ కింద బకాయి తగ్గిందో లేదో చూడండి. తగ్గకపోయినా, బ్యాంకులోకి డబ్బు వెనక్కి రాకపోయినా అప్పుడు లావాదేవీ వివరాలతో ఫిర్యాదు చేయండి. ఏప్రిల్ 30 సాయంత్రం కట్టేవారికి ఈ ఒకటి రెండు రోజుల వెసులుబాటు ఉండదు. ఏప్రిల్‌లోపు కడితే వచ్చే 5 శాతం రాయితీ పోయేది అక్కడే. ఏప్రిల్ మూడో వారం దాటనివ్వకండి.

ఈ సేవలో అన్నిటికన్నా మెరుగైనది ఎర్లీ బర్డ్. ఏప్రిల్ 1 నుంచి 30 లోపు ఏడాది పన్ను మొత్తం కడితే ఆ ఏడాది పన్నులో 5 శాతం తగ్గిస్తారు. పాత బకాయికి ఇది వర్తించదు. పైన చెప్పిన ఫ్లాటుకు మిగిలేది రూ.210. చిన్న మొత్తమే, కానీ లెక్క చూడండి. మొదటి అర్ధ సంవత్సరపు పన్నుకు గడువు జులై 31, రెండోదానికి అక్టోబరు 15. ఏప్రిల్ నెలాఖరుకు కట్టేవారు సగటున నాలుగు నెలల ముందు కడుతున్నారు. నాలుగు నెలలకు 5 శాతమంటే ఏడాదికి 14 శాతం పైమాటే. ఏ బ్యాంకు డిపాజిట్టూ అంత ఇవ్వదు. చేతిలో డబ్బుంటే ఆలోచించాల్సిన పని లేదు.

గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. అదే ఫ్లాటుకు ఏడాదంతా కట్టకుండా మార్చి ఆఖరుకు చేరితే వడ్డీ సుమారు రూ.550 అవుతుంది. ఇక్కడిదాకా విధానం సరిగ్గానే ఉంది. ముందు కట్టినవారికి మేలు, ఆలస్యం చేసినవారికి భారం.

ఈ న్యాయాన్ని ఓటీఎస్ తలకిందులు చేస్తోంది. వన్ టైమ్ సెటిల్‌మెంట్ పేరుతో 2020, 2022, 2024, 2025లలో బకాయిదారులకు వడ్డీలో 90 శాతం మాఫీ చేశారు. అసలు మొత్తం, వడ్డీలో పదోవంతు ఒకేసారి కడితే ఖాతా శుభ్రం. నెలకు 2 శాతమంటే ఏడాదికి 24. అందులో పదోవంతు 2.4 శాతం. అంటే నాలుగేళ్లు ఎగ్గొట్టిన వ్యక్తికి నగరం ఏడాదికి 2.4 శాతం వడ్డీకి అప్పిచ్చినట్టు లెక్క. ఆ డబ్బును అతను 7 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుని ఉంటే, ఏటా నాలుగున్నర శాతం మిగుల్చుకుని ఓటీఎస్ రోజున వచ్చి కట్టి వెళ్లవచ్చు.

అదే నగరం తాను అప్పు తెచ్చుకునేటప్పుడు ఎంత కడుతోందో చూడండి. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టే ఎస్‌ఆర్‌డీపీ (వ్యూహాత్మక రోడ్ల అభివృద్ధి ప్రణాళిక) పనుల కోసం జీహెచ్‌ఎంసీ మున్సిపల్ బాండ్లు జారీ చేసింది. 2018లో రూ.200 కోట్లు 8.90 శాతానికి, అదే ఏడాది రూ.195 కోట్లు 9.38 శాతానికి, 2019లో రూ.100 కోట్లు 10.23 శాతానికి. మొత్తం రూ.495 కోట్లు. అసలు మీద లెక్కేస్తే ఏటా వడ్డీ సుమారు రూ.46 కోట్లు. మనం తీసుకున్న ఫ్లాటు లాంటివి లక్షా పదివేలు, వాటి ఏడాది పన్నంతా కలిపితే ఆ బాండ్ల వడ్డీకి సరిపోతుంది. ఇవి కాక బ్యాంకు రుణాలున్నాయి. తొమ్మిది, పది శాతానికి తెచ్చి, ఎగవేతదారులకు 2.4కు ఇవ్వడం ఏ గృహిణీ ఒప్పుకోని లెక్క. ఆ తేడాను మోసేది ఏప్రిల్‌లో క్యూ కట్టి కట్టినవారే. మార్చి నెలాఖరు వసూళ్ల అంకె పెద్దగా కనిపించాలన్న ఆత్రమే ఓటీఎస్‌కు మూలమని మా అభిప్రాయం. నిజంగా కష్టంలో ఉన్న చిన్న ఇళ్లవారికి మాఫీ ఇస్తే ఎవరూ తప్పు పట్టరు. పెద్ద వాణిజ్య భవనాలకూ అదే 90 శాతం ఇవ్వడం మాత్రం అన్యాయం.

ఓటీఎస్ వస్తుందిలే అని ఎదురుచూడటం సొంత ఖర్చుల లెక్కలో కూడా మంచిది కాదు. ఏ ఏడాది వస్తుందో ముందు చెప్పరు. రాకపోతే 24 శాతం నడుస్తూనే ఉంటుంది. ఈలోగా రెడ్ నోటీసులు, వాణిజ్య భవనమైతే తాళాలు. ఇల్లు అమ్మబోయేవారికి బకాయి ఉన్న పీటీఐఎన్ రిజిస్ట్రేషన్ రోజున తలనొప్పి.

తప్పులు దిద్దించుకోవడం ఈ సేవలో బలహీనమైన భాగం. కొత్త ఇంటికి స్వీయ మదింపు ఆన్‌లైన్‌లో చేయవచ్చు. అనుమతి నంబరు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, విస్తీర్ణం, వినియోగం నింపితే సిబ్బంది వచ్చి చూసి పీటీఐఎన్ ఇస్తారు. ఇక్కడ విస్తీర్ణం తగ్గించి రాయాలన్న ఆలోచన పెట్టుకోకండి. అనుమతికీ కట్టడానికీ తేడా బయటపడితే పన్నుకు సమానమైన మొత్తం వరకు జరిమానా కలుస్తుంది, అది ఏటా వస్తూనే ఉంటుంది. పన్ను కట్టినంత మాత్రాన అక్రమ అంతస్తు సక్రమం కాదు. రసీదును అనుమతి పత్రంగా భావించి మోసపోయే కొనుగోలుదారులు ఇప్పటికీ ఉన్నారు.

ఉన్న మదింపు తప్పయితే సర్కిల్ ఆఫీసులో డిప్యూటీ కమిషనర్ పేరిట రివిజన్ దరఖాస్తు ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ దస్తావేజు, మంజూరైన ప్లాన్, ఇప్పటి ఫోటోలు, విస్తీర్ణం లెక్క, ఇటీవలి రసీదు జతచేయండి. పైన చూపిన సూత్రంతో మీ లెక్కను ఒక కాగితం మీద వేసి ఇవ్వండి. ‘పన్ను ఎక్కువైంది’ అని రాసిన దరఖాస్తు పక్కన పడిపోతుంది. ‘విస్తీర్ణం 1,000కి బదులు 1,400 పడింది, కాబట్టి రూ.1,680 ఎక్కువైంది’ అని రాస్తే చదివే అధికారికి ఏం చూడాలో తెలుస్తుంది. స్పెషల్ నోటీసు వచ్చి ఉంటే అందులో ఇచ్చిన గడువులోపే అభ్యంతరం చెప్పాలి. అది దాటితే ఆ అంకెకు మీరు ఒప్పుకున్నట్టే. ఇల్లు ఖాళీగా పడి ఉన్న అర్ధ సంవత్సరానికి సగం పన్ను మినహాయింపు అడిగే వీలుంది. కాకపోతే ఖాళీగా ఉండగానే దరఖాస్తు పెట్టి తనిఖీ చేయించుకోవాలి, తర్వాత అడిగితే రుజువు చేయలేరు. దరఖాస్తు నంబరు తీసుకోవడం మరవకండి. కదలిక లేకపోతే సోమవారం ప్రజావాణిలో ఆ నంబరుతోనే అడగండి. ఫోనులో అయితే 040-21111111.

కట్టిన డబ్బుకు ప్రతిఫలం అడిగేటప్పుడు ఏది ఎవరి పద్దులోదో తెలియాలి. వీధి దీపం, చెత్త, వాననీటి నాలా, కాలనీ రోడ్డు, పార్కు, దోమల మందు జీహెచ్‌ఎంసీవి. మంచినీళ్లు, మురుగు మ్యాన్‌హోల్ జలమండలివి. దాని బడ్జెట్ వేరు, బిల్లు వేరు, ఫిర్యాదు నంబరు 155313. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు ఇంటి పన్నులోంచి వస్తున్నాయనుకోవడం పొరపాటు. వానాకాలంలో రోడ్డు మీద పొంగేది నాలా నీరా, మురుగా అన్నది చూసి ఫోన్ చేస్తే ఫిర్యాదు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరగకుండా ఉంటుంది.

దుకాణదారులకు ట్రేడ్ లైసెన్స్ మరో పద్దు. ఎదురుగా ఉన్న రోడ్డు వెడల్పును బట్టి చదరపు అడుగుకు రూ.3, 4, 6 చొప్పున వేస్తారు. దాని ఏడాది డిసెంబరుతో ముగుస్తుంది, మార్చితో కాదు. జనవరి 31 దాటితే 25 శాతం, ఏప్రిల్ నుంచి 50 శాతం జరిమానా. ఇంటి పన్నుతో కలిపి ఏప్రిల్‌లో కట్టేద్దాంలే అనుకున్నవారు సగం ఎక్కువ కడతారు.

బడ్జెట్ పుస్తకం చదవడం కష్టమేమీ కాదు. ప్రతి పద్దు పక్కనా గత ఏడాది నిజంగా ఖర్చైనది, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా అని మూడు గడులు చూడండి. చివరి గడి పత్రికల్లో వస్తుంది. మొదటి గడి మీ వీధిలో కనిపిస్తుంది. నాలాల పూడికతీతకో కాలనీ రోడ్లకో ఏటా పెద్ద అంచనా వేసి సగమే ఖర్చుపెడుతున్నారంటే, వచ్చే ఏడాది అంచనా ఎంతున్నా ఆ పని జరగదు. ఆదాయం వైపు ‘రుణాలు’ పద్దు ఎంత పెరిగిందో, ఖర్చు వైపు ‘వడ్డీ, వాయిదాలు’ ఎంత పెరిగాయో పక్కపక్కన పెట్టండి. 2020 సవరణ ప్రకారం పచ్చదనానికి 10 శాతం కేటాయించాలి. అది ఏ పార్కుకు, ఏ నర్సరీకి పోయిందన్నది వార్డు స్థాయిలో అడగవలసిన ప్రశ్న. వార్డువారీ ఖర్చు సామాన్యుడికి అర్థమయ్యేలా పెట్టకపోవడం ఈ సేవలో రెండో పెద్ద లోపం. పీటీఐఎన్ కొడితే బకాయి చూపించే వెబ్‌సైట్‌కు, అదే పేజీలో ఆ వార్డు పనుల జాబితా చూపించడం అసాధ్యమేమీ కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో దారి వేరు. అక్కడ 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ పోయి మూలధన విలువ ఆధారంగా పన్ను వేస్తున్నారు. రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే పన్నూ పెరుగుతుంది, ఏడాదికి 15 శాతానికి మించకూడదన్న హద్దు ఉంది. విశాఖ, విజయవాడ వాసులకు ఏటా నొప్పి తెలుస్తుంది. హైదరాబాద్ వాసికి తెలియదు, కానీ పాతికేళ్ల సవరణ ఒకేసారి వస్తే తట్టుకోవడం కష్టం. హద్దుతో ఏటా కొంచెం పెంచడమే మాకు మెరుగనిపిస్తుంది, ఖర్చు లెక్క వార్డుల వారీగా చూపిస్తేనే.

బడ్జెట్ మీద మాట చెప్పడానికీ ఒక నిర్ణీత సమయముంది. చట్టప్రకారం కమిషనర్ ముసాయిదాను నవంబరు 10లోపు స్టాండింగ్ కమిటీ ముందు పెట్టాలి. ఫిబ్రవరి 20లోపు సర్వసభ్య సమావేశం ఆమోదించాలి. మార్చి 7లోపు ప్రభుత్వానికి చేరాలి. కాలనీ సంఘం వినతిపత్రం అక్టోబరులో ఇస్తే పద్దులో చోటు దొరికే వీలుంది, మార్చిలో ఇస్తే మరుసటి ఏడాది దాకా ఆగాలి. వినతిలో ఒకే పని రాయండి. ఎన్ని మీటర్ల పైపు, ఏ ఇంటి నంబరు నుంచి ఏ ఇంటి నంబరు దాకా, ఏ వానకు ఎంత ఎత్తు నీరు నిలిచిందో ఫోటోతో జతచేయండి. అంచనా తయారుచేసే ఇంజినీరుకు కావలసినవి ఆ కొలతలే.